పదిహేడో రెక్క మీద అరచెయ్యి

ఇల్లు, వంటింటి బల్ల దగ్గర
ఫిబ్రవరి 6

ఏమండీ,

మీరు వెళ్ళి నాలుగు రోజులైంది. ఉత్తరం రాయమన్నది మీరే, కాబట్టి చదివి నవ్వకూడదు. ఫోనులో నాకు మాట రాదు. మీరు "ఊఁ, చెప్పు" అనగానే చెప్పాలనుకున్నదంతా ఎటో పోతుంది. పైగా మీ గదిలో ఇంకో ముగ్గురున్నారట. కాగితమైతే నేను ఆగినప్పుడు తనూ ఆగుతుంది. అయిదో తరగతి చదువుతో రాస్తున్నాను, తప్పులుంటే సర్దుకుని చదవండి.

అత్తయ్య బాగున్నారు. భోజనాల దగ్గర మీ ఖాళీ కుర్చీ చూసి, "వాడు కెమెరాలో ఎక్కడెక్కడి వేడో చూస్తాడు గానీ, కంచంలో తిండి చల్లారిపోవడం మాత్రం ఏనాడూ చూడలేదు" అన్నారు. నాకు నవ్వొచ్చింది. తరవాత ఆవిడే కొంగుతో కళ్ళొత్తుకున్నారు.

షెడ్డులో మీ పని ఇప్పుడు మీ పైనున్న పెద్దాయనే చేస్తున్నారు. ఆయన మాట్లాడరు, నేను మాట్లాడను. ఇద్దరు మూగవాళ్ళ మధ్య ఆ ఫ్లాష్ దీపం ఒక్కటే టప్పుమని నోరు చేసుకుంటోంది. నా పని మామూలే. హెలికాప్టరు రెక్కకి మరమ్మతు చేసిన చోట అద్దంలా మెరుస్తుంది కదా, దీపం వెలుగు తిరిగి కెమెరా మొహాన కొట్టకుండా నీళ్ళతో పోయే నల్లరంగు పూస్తాను. ఆరాక బొమ్మ తీస్తారు. తరవాత స్పాంజితో కడిగేస్తాను.

ఆరిందో లేదో అరచేత్తో చూసే అలవాటు మాత్రం పోవడం లేదు. మా నాన్న గోడలకి సున్నం వేసి అరచెయ్యి ఆనించి చూసేవాడు. అదే వచ్చింది నాకు. చెయ్యి తీసేలోపు కెమెరా తెర మీద అయిదు వేళ్ళతో తెల్లగా నా చెయ్యి. మీరైతే "ఇదిగో, వేడిచెయ్యి సంతకం పెట్టేసింది" అని నవ్వి పని కానిచ్చేవారు. పెద్దాయన నవ్వరు. లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగి వస్తారు. ఆ మచ్చ చల్లారేదాకా దీపం ముట్టుకోరు.

మీరు చివరగా చూసిన పదిహేడో రెక్క ఇంకా గోడవారనే ఉంది, తెల్లగుడ్డ కప్పుకుని. అంబులెన్సు హెలికాప్టరు వాళ్ళు మార్చి ఇరవయ్యిన తీసుకెళ్తారట.

చలికి చెవులు కప్పుకోండి.

మీ వేడిచెయ్యి


శిక్షణ బడి, మూడో అంతస్తు
ఫిబ్రవరి 14

వేడిచేతి పిల్లకి,

నీ ఉత్తరంలో తప్పులేవీ లేవు. ఇంత మాట్లాడతావని తెలిస్తే పెళ్ళైన మర్నాడే ఎక్కడికైనా వెళ్ళిపోయి ఉత్తరాలు రాయించుకునేవాణ్ణి.

నీ అరచేతి వేడిబొమ్మ ఒకటి అచ్చు తీసి తెచ్చుకున్నానని నీకు చెప్పలేదు. మంచం పైన గోడకి అంటించాను. పక్క మంచం వాడు "మీ ఆవిడ చేతిలో నిప్పులేమైనా ఉన్నాయా గురూ, నీ వీపు భద్రం" అంటున్నాడు.

మాకు పాఠం చెప్పే ఆవిడకి మేం చన్నీళ్ళమ్మ అని పేరు పెట్టాం. నాకన్నీ తెలుసు అనుకున్నవాడి నెత్తి మీద చెంబుడు పోసిగాని కూర్చోదు. నిన్న చెప్పింది అమ్మకి కూడా చదివి వినిపించు, కొడుకు చేసే పనేంటో ఇన్నాళ్ళకైనా తెలుస్తుంది. కార్బన్ ఫైబరు అంటే నల్లటి నార గుడ్డ, పొర మీద పొర వేసి జిగురుతో గట్టిపరుస్తారు. ఫ్లాష్ కొట్టగానే పైపొర వేడెక్కుతుంది. పొరలు బాగా అతుక్కుని ఉంటే ఆ వేడి లోపలికి దిగిపోతుంది. మధ్యలో ఎక్కడైనా పొర విడి సందు ఉంటే వేడికి దారి దొరక్క పైనే నిలబడిపోతుంది. చుట్టుపక్కలంతా చల్లారినా ఆ చోటు వెలుగుతూనే ఉంటుంది. రెక్కని కొయ్యకుండా, పగలగొట్టకుండా దాని కడుపులో ఏముందో చెప్పడం, అంతే నా విద్య.

ఇంకోటి. ఫ్లాష్ కొట్టక ముందు యంత్రం ఒక బొమ్మ తీసి పెట్టుకుంటుంది. మచ్చ ఆ ముందు బొమ్మలోనే ఉంటే అది పైన అంటిన వేడి, అంటే చెయ్యో, ఎండో. ముందు లేకుండా ఫ్లాష్ తరవాత లేచిందంటే అది లోపలిది. చన్నీళ్ళమ్మ అంది, "ముందు బొమ్మ చూడకుండా సంతకం పెట్టేవాడూ ఉత్తరం చదవకుండా జవాబు రాసేవాడూ ఒకటే." క్లాసులో ఎవరో దగ్గారు. అందరం నవ్వాం.

ఏప్రిల్ అయిదున పరీక్ష. ఇప్పుడు నేను చూసి బాగుందంటే నా మాట మీద పెద్దాయన సంతకం పెడుతున్నారు. ఈ రెండో మెట్టు ఎక్కానంటే నా సంతకం ఒక్కటే చాలు. అమ్మతో చెప్పు, కంచం కూడా చూస్తానని.

నీ
ఇంటాయన


ఇల్లు
ఫిబ్రవరి 23

ఏమండీ,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. అత్తయ్యకి వినిపిస్తే, "వేడి దిగకపోతే లోపల జబ్బన్నమాట. జ్వరం చూడ్డానికి ఇంత చదువెందుకురా" అన్నారు. ఆవిడకి పూర్తిగా అర్థమైందనే అనుకుంటున్నాను.

మన పంపు మరమ్మతైంది. మీ చెప్పులు కుట్టించాను.

ఒక్క మాట అడుగుతాను. మీరు బయల్దేరిన రోజు పదిహేడో రెక్క మీద అరచేతంత మచ్చ వచ్చింది కదా. ఆ రోజు ముందు బొమ్మ చూశారా? చూసే ఉంటారు. ఊరికే అడిగాను.

మీ వేడిచెయ్యి


శిక్షణ బడి
మార్చి 1

నీకు,

ఇంటి సంగతులు రాయమంటే షెడ్డు సంగతులు రాస్తావేం? ముందు బొమ్మ తియ్యకుండా ఆ యంత్రం నడవనే నడవదు. ఆ రోజు నేను చూసిందీ నువ్వు చూసిందీ ఒకటే. అరచేతంత మచ్చ, వేళ్ళ దగ్గర కాస్త చెరిగింది. రెండేళ్ళుగా చూస్తున్నాను, నీ చెయ్యి నాకు తెలీదా?

ఇక్కడ పాఠాలు ఎక్కువయ్యాయి. రోజూ ఏదో ఒక పరీక్ష. నువ్వు లేనిపోనివి తలకెక్కించుకోకు. అమ్మ మోకాలికి మందు మర్చిపోకు.

ఉంటాను.


ఇల్లు
మార్చి 7

ఏమండీ,

ఇది రాయడానికి నాలుగు కాగితాలు చింపాను. అయిదోది కూడా చింపేలోపు చెప్పేస్తాను.

ఆ రోజు నా చేతులకి తొడుగులున్నాయి.

పాత బొంత విప్పి, మూడు వరసల గుడ్డ పెట్టి కుట్టాను. మీకు చెప్పకుండా వారం రోజులు కుట్టాను. నా చేతి మచ్చ వల్ల ప్రతిసారీ మీకు పని ఆగుతోందని నాకు తెలుసు. మీరు నవ్వినా తెలుసు. మీరు వెళ్ళే రోజు మచ్చ లేని బొమ్మ తీసి, "ఏదీ నీ చెయ్యి?" అని మీరడిగితే తొడుగులు చూపిద్దామనుకున్నాను. ముందుగా ఇంట్లోనే వేసుకుని అద్దం మీద చెయ్యి పెట్టి చూశాను. ఆవిరి కూడా పట్టలేదు. పదిహేడో రెక్కకి రంగు పూసినప్పుడు, ఆరిందా అని చూసినప్పుడు, ఆ తొడుగులతోనే ఉన్నాను.

మీరు భుజాన సంచి తగిలించుకునే తెర ముందు నిలబడ్డారు. మచ్చ లేచింది. "మళ్ళీ పెట్టేశావా సంతకం! బండికి టైమైంది, ఈసారికి ఇదే నాకు వీడ్కోలు" అని నవ్వేశారు. పెద్దాయన పక్కనుంచి "ఏంటది?" అంటే, "మా ఆవిడ చెయ్యేలెండి" అన్నారు. ఆయన సంతకం పెట్టేశారు.

నేను వెనక నిలబడి ఉన్నాను. తొడుగులు తీసి స్పాంజి బకెట్లో పడేశాను. మీరంత సంతోషంగా ఉంటే "నాది కాదు" అనడానికి నోరు రాలేదు. అప్పటికి నాకు ఆ మచ్చంటే ఏంటో పూర్తిగా తెలియదు కూడా. తొడుగుల్లోంచి వేడి ఎలా వచ్చిందబ్బా అనే అనుకున్నాను. మీ మొదటి ఉత్తరం చదివాక తెలిసింది.

మొన్న ఎవరూ లేనప్పుడు గుడ్డ తీసి ఆ చోట వేలి కణుపుతో కొట్టి చూశాను. పక్కన కొడితే ఒకలా, అక్కడ కొడితే కొంచెం మెత్తగా వినబడింది. నాకు అనిపించిందో, నిజమో చెప్పలేను. నా చెవుల మీద నాకేం నమ్మకం.

రోగులున్న హెలికాప్టరు అండీ అది. ఇరవయ్యిన తీసుకెళ్తారు. మీరే పెద్దాయనకి ఫోను చేసి ఒక్క మాట చెప్పండి. మీరు చెబితే అది మీ మాటగా ఉంటుంది.

మీ భార్య


శిక్షణ బడి
మార్చి 12

నీకు,

నీ ఉత్తరం చదివి అన్నం ముట్టలేదు. తొడుగుల సంగతి ఇన్నాళ్ళూ కడుపులో పెట్టుకుని ఇప్పుడా చెప్పేది? చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం?

కోపంతో రాయడం లేదు. భయంతో రాస్తున్నాను. ఇప్పుడు ఈ మాట బయటికొస్తే నన్ను పరీక్ష గది గుమ్మం కూడా ఎక్కనివ్వరు. ఉన్న మొదటి మెట్టూ ఊడుతుంది. పెద్దాయన నా మాట నమ్మి సంతకం పెట్టారు, ఆయన పరువూ పోతుంది. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. ఏప్రిల్ అయిదు దాకా ఓపిక పట్టు. రెక్క తీసుకెళ్ళినంత మాత్రాన మర్నాడే బిగించరు, వాళ్ళ దగ్గర పడి ఉంటుంది. ఎనిమిదికల్లా నేనొస్తాను. నేనే వెనక్కి తెప్పించి మళ్ళీ చూస్తాను. ఎవరికీ ఏమీ కాదు.

నేనేం దొంగతనం చెయ్యలేదు. ఒక్క రోజు తొందరపడ్డాను. నాకోసం ఈ మూడు వారాలు, నీకెలాగూ అలవాటే కదా, మాట్లాడకుండా ఉండు.


ఇల్లు
మార్చి 19

ఏమండీ,

నేను మాట్లాడాను. ముందే చెప్పేస్తున్నాను, కిందంతా చదవడం మీ ఇష్టం.

మీ ఉత్తరం పదహారున వచ్చింది. రెండు రోజులు మీ మాటే వినాలనుకున్నాను. వంటలో ఉప్పు రెండుసార్లు వేశాను. అత్తయ్య ముద్ద పక్కకి నెట్టి, "ఏమే పిల్లా, వాడితో పోట్లాటా?" అన్నారు. కాదన్నాను. "మరేంటి?" నేను పేర్లు లేకుండా అడిగాను, ఒకళ్ళు పొరపాటు చేసి, ఇంకొకళ్ళకి అది తెలిసి ఊరుకుంటే ఎవరిది తప్పని. ఆవిడ, "చేసినవాడు తిని పడుకుంటాడు. తెలిసినవాడికే ముద్ద దిగదు. నీకు దిగుతోందా?" అన్నారు. నా కంచం కేసి చూసి ఇంకేమీ అడగలేదు.

"ఎలాగూ అలవాటే కదా" అని రాశారు మీరు. ఆ మాట దగ్గర నాకు చాలాసేపు పట్టింది. నేను మాట్లాడకపోవడం సిగ్గు వల్లనే అనుకునేదాన్ని. అది ఎవరికో పనికొచ్చే వస్తువని ఎప్పుడూ అనుకోలేదు.

నిన్న పొద్దున పెద్దాయన నీళ్ళు తాగడానికి లేచినప్పుడు ఆయన బల్ల మీద తొడుగులు పెట్టాను. ఆయన వచ్చి చూసి, "ఇవేంటమ్మా?" అన్నారు.

"చేతి తొడుగులండీ."

"అది కనబడుతోంది. నాకెందుకు?"

"ఆ రోజు వేసుకున్నానండీ. పదిహేడుకి."

ఆయన గ్లాసు బల్ల మీద పెట్టేశారు. "రెండు చేతులకీనా?"

"రెండు చేతులకీ."

"మరి ఇన్నాళ్ళు ఏం చేశావు?"

 ఆయన నా జవాబు కోసం ఆగలేదు. రెక్క మోయడానికి మనుషుల్ని పిలిచారు. నేను రంగు పూశాను, తొడుగులతోనే. ఆరాక ఆయన దీపం దగ్గరికి వెళ్తుంటే నాకే తెలియకుండా అన్నాను, "పక్కన నా చెయ్యి కూడా పెట్టనివ్వండి." ఆయన నా మొహం కేసి చూశారు. నేను షెడ్డులో చేరాక ఆయన్ని అడిగి ఏదీ చేయించుకోలేదు కదా. "పెట్టు" అన్నారు.

తొడుగు తీసి, ఆ చోటుకి జానెడు దూరంలో అరచెయ్యి ఆనించి తీశాను. ముందు బొమ్మ వచ్చింది. అందులో నా చెయ్యి ఒక్కటే ఉంది, అయిదు వేళ్ళతో. పక్కనంతా నలుపు. నా గుండె తేలికైంది. ఏమీ లేదు, అంతా నా పిచ్చి అనుకున్నాను. అప్పుడు ఫ్లాష్ కొట్టారు. తెరంతా తెల్లబడి, మెల్లగా చల్లారుతూ ఉంటే, నా చేతి పక్కన ఇంకొకటి లేచింది. వేళ్ళు లేని అరచెయ్యి.

నా చెయ్యి చల్లారేదాకా ఆగి మళ్ళీ కొట్టారు. ఈసారి నాది లేదు. అది ఉంది. ఆయన జేబులోంచి నాణెం తీసి రెక్క మీద టకటకా కొట్టుకుంటూ వచ్చారు. అక్కడికొచ్చేసరికి 'టక్' కాస్తా 'డబ్' మంది. నా చెవులు బాగానే ఉన్నాయి.

తరవాత యంత్రంలో ఆ రోజు దాచిన బొమ్మలు తీశారు. మీరు చెప్పింది నిజమే, ముందు బొమ్మ తియ్యకుండా అది నడవదు. ఆ బొమ్మ ఉంది. నల్లగా, శుభ్రంగా, ఏ మచ్చా లేకుండా ఉంది. ఎవరూ తెరవలేదు, అంతే.

"మీ ఆయన 'మా ఆవిడ చెయ్యి' అన్నాడు. నేను నమ్మాను. నాకూ కళ్ళున్నాయి, ఒక్క అడుగు వేసి చూడలేదు" అన్నారు. మిమ్మల్ని తిట్టలేదు. తిడితే బాగుండేది. ఆ రోజు కాగితం తీసి తన సంతకం మీద అడ్డంగా గీత కొట్టారు.

ఇవాళ పొద్దున ఆయనకి మీ ఉత్తరం వచ్చింది. నాకు చూపించారు. "పదిహేడో రెక్క ఆపండి, నేను ముందు బొమ్మ చూడలేదు" అని రాశారు. తేదీ మార్చి పద్నాలుగు. నన్ను ఊరుకోమన్న రెండు రోజులకే మీరు ఊరుకోలేకపోయారన్నమాట. నేను అక్కడే బకెట్టు బోర్లించుకుని కూర్చుని ఏడ్చాను. పెద్దాయన ఏం చెయ్యాలో తెలియక మంచినీళ్ళు తెచ్చిచ్చారు. "నిన్న వచ్చి ఉంటే ఇది హెచ్చరిక. ఇవాళ ఒప్పుకోలు. ఏదైనా సరే, ఫైల్లో పెడతాను" అన్నారు.

మీకు నా మీద కోపం ఉంటే ఉండనివ్వండి. మీరు ఇక్కడుండి ఉంటే నేను చెప్పగలిగేదాన్నో లేదో నాకు తెలియదు.

మీ భార్య


శిక్షణ బడి, మూడో అంతస్తు
మార్చి 25

నీకు,

ఆ రోజు క్లాసులో దగ్గింది నేనే.

పన్నెండున నీకు రాసిన ఉత్తరం డబ్బాలో వేసి వచ్చాక గోడ మీద నీ చేతిబొమ్మ చూశాను. రెండేళ్ళుగా చూస్తున్నానని నీకు గొప్పగా రాశానా? ఆ రోజు మచ్చకి వేళ్ళున్నాయా లేవా అని ఎంత గుర్తు చేసుకున్నా నాకు రాలేదు. నేను తెర చూడలేదు. నీ చెయ్యి ఉంటుందని తెలుసు, కాబట్టి ఉందనుకున్నాను. ఫోను చేసే ధైర్యం లేదు. ఆయన గొంతు వినాలి కదా. ఉత్తరం వేస్తే ఇరవయ్యిలోపు అందుతుందో లేదో తెలియదు, అయినా వేశాను. అందకపోతే బాగుండునని కూడా ఒక క్షణం అనుకున్నాను. అది నీకు చెప్పకపోతే మళ్ళీ దాచినట్టే.

పెద్దాయన ఫోను చేశారు. పరీక్ష రాయనిస్తారట. కానీ నెగ్గినా ఆరు నెలలు ఏ కాగితం మీదా నా సంతకం ఉండదు. ఈ ఆరు నెలలూ రంగు పుయ్యడం, కడగడం. "అది తెలిసిన మనిషి దగ్గర మొదట్నించీ నేర్చుకో" అన్నారు. ఎవరి దగ్గరో చెప్పలేదు, చెప్పక్కర్లేదు.

'అలవాటే కదా' అన్న మాట వెనక్కి తీసుకోవడానికి వేరే మాటలు వెతికాను. దొరకలేదు. దొరికినప్పుడు ఎదురుగా చెబుతాను.

ఈ కాగితం వెనక నా చెయ్యి పెట్టి చుట్టూ గీశాను. పాత బొంత ఇంకా మిగిలుందా?

నీ
ఇంటాయన


ఇల్లు, వంటింటి బల్ల దగ్గర
మార్చి 31

ఏమండీ,

బొంత మిగిలింది. మీ కాగితం గుడ్డ మీద పరిచి కత్తిరించాను. మీ చిటికెన వేలు నేననుకున్న దానికన్నా పొడుగు. చూడకుండా కుట్టి ఉంటే బిగుసుకునేది.

అత్తయ్య సూదిలో దారం ఎక్కిస్తూ, "మొగుడికి మేజోళ్ళు కుట్టేవాళ్ళని చూశాను గానీ చేజోళ్ళు కుట్టేదాన్ని నిన్నే చూస్తున్నా" అన్నారు. ఆవిడకి అంతా చెప్పాను. రెండు రోజులు మీ పేరెత్తలేదు. ఇవాళ మాత్రం మీ కుర్చీ తుడిచారు.

రెక్క పొర విప్పి మళ్ళీ అతికిస్తున్నారు. మీరొచ్చేసరికి పరీక్షకి వస్తుందట. మొదటి పూత మీరే పుయ్యాలని పెద్దాయన అన్నారు.

పరీక్ష నిదానంగా రాయండి. బండికి టైముందో లేదో చూసుకోకండి.

తొమ్మిదో తారీకు పొద్దున షెడ్డుకి కలిసే వెళ్దాం. రంగు ఎంత పల్చగా కలపాలో, ఆరిందని ఎలా తెలుస్తుందో నేను చెబుతాను. మొదటి రోజు మీరేమీ మాట్లాడకండి. వినండి చాలు.

మీ
వేడిచెయ్యి